కోమళం పాట్టి ఫిల్టరుకు నలుగురు వైద్యులు

ఆ యేడు మే నెల కత్తిరి ఎండలు మొదలైన మూడోనాడు పొద్దున, మా ఇంట్లో పాట్టి, అంటే మా నాయనమ్మ తప్ప మిగతా అందరం ఒకే కాఫీ హోటల్లో ఒకరికొకరం దొరికిపోయాం.

ముందు వెళ్ళింది నేనే. ప్లస్ టూ పరీక్షలు రాసేసి, రిజల్ట్స్ వచ్చేదాకా నా మీద ఎవరికీ ఏ ఆశలూ లేని రోజులవి. "కరివేపాకు తెస్తా పాట్టీ" అని చెప్పి బయల్దేరాను. మా పెరట్లోనే కరివేపాకు చెట్టుంది. యాభై ఏళ్ళుగా కాఫీ పిప్పి తిని పెరిగిన చెట్టు. అది రాత్రిళ్ళు నిద్రపోదని మా వీధిలో చెప్పుకుంటారు. అలాంటి చెట్టుని ఇంట్లో పెట్టుకుని కరివేపాకు కోసం బజారుకి పోతున్నానంటే పాట్టికి అనుమానం రావాలి. రాలేదు. ఆ నెలలో పాట్టి చాలావాటిని గమనించట్లేదని నాకప్పటికి తెలీదు.

హోటల్లో మూలబల్ల దగ్గర ఒకాయన పేపరు నిలువుగా విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కింద కనిపిస్తున్న చెప్పులు మా నాన్నవి. చేనేత సొసైటీలో ఆడిట్ ఉంది, తొందరగా పోవాలని చెప్పి అరగంట క్రితమే ఇంట్లోంచి పరిగెత్తిన నాన్న.

"ఆడిట్ ఎలా జరుగుతోంది అప్పా?" అన్నాను.

పేపరు కిందికి దిగింది. మీసం మీద నురగ.

"నువ్వేంటే ఇక్కడ?"

"కరివేపాకు."

నాన్న ఇంకేదో అనేలోపల తాత వచ్చాడు. గుండెకి మంచిదని డాక్టరు చెప్పాడు కాబట్టి తాత రోజూ నడుస్తాడు. ఆ నడక మా గడప నుంచి ఈ హోటల్ గుమ్మం దాకా రెండువందల పన్నెండు అడుగులని ఆరోజే తెలిసింది. తాత వెనకాలే వరదన్ చిత్తప్పా. అంటే మా బాబాయి, కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకుంటాడు. ఎవరూ గుర్తుపట్టకూడదని హెల్మెట్ తియ్యకుండా లోపలికొచ్చి, అద్దం పైకెత్తి ఆ సందులోంచి కాఫీ తాగబోయి, మమ్మల్ని చూసి మళ్ళీ అద్దం దించేశాడు.

ఒకరి మొహాలొకరం చూసుకుంటూ ఉన్నాం. ఇంతలో గల్లాపెట్టె దగ్గర్నుంచి వడ్డించే ఆయన గొంతు: "రా అక్కా! ఎప్పటిదేనా? చక్కెర తక్కువ, నురగ ఎక్కువ?"

అమ్మ. చేతిలో కూరగాయల సంచి. 'ఎప్పటిదేనా' అనిపించుకోవాలంటే కనీసం పదిహేను రోజుల సర్వీసుండాలి. మా అందరికంటే సీనియర్ దొంగ అమ్మే.

అయిదుగురం ఒకే బల్ల చుట్టూ కూర్చున్నాం. ఎవరో పోయిన ఇంట్లో కూర్చున్నట్టుంది.

చివరికి నాన్నే అన్నాడు. "ఇంట్లో కాఫీ... కొంచెం..."

"కొంచెమా?" అన్నాడు చిత్తప్పా హెల్మెట్లోంచి. "గోడౌన్ తగలబడ్డాక దాని మీద వాన కురిస్తే పారే నీళ్ళు ఉంటాయి చూడు, అలా ఉంది."

"నోర్ముయ్ రా," అన్నాడు తాత. "యాభై మూడేళ్ళు తాగాను మీ అమ్మ చేతి కాఫీ. ఆ చెయ్యి తప్పదు. తప్పింది ఫిల్టరు. చిల్లులు మూసుకుపోయుంటాయి."

అందరం హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. తప్పు ఫిల్టరుది. ఫిల్టరు బాధపడదు.

"ఎవరూ దాన్ని ముట్టుకోకండి," అన్నాడు తాత. "సమయం చూసి నేనే కోమళంతో నిదానంగా మాట్లాడతా."

అమ్మ మాత్రం టంబ్లరులోకి చూస్తోంది. నురగ అణిగేదాకా చూస్తూనే ఉంది.

మా ఊరి కోవెల్లో స్వామి సారంగపాణి, అమ్మవారు కోమళవల్లి. మా ఇంట్లో తాత సారంగపాణి, పాట్టి కోమళవల్లి. వీళ్ళ పెళ్ళి కుదిరింది జాతకాలు చూసి కాదు, కుంభకోణం రిక్షావాళ్ళు అడ్రసు మర్చిపోకుండా ఉండాలని. ఫిల్టరు పాట్టి పుట్టింటి నుంచి వచ్చింది. ఇత్తడిది, పసిపిల్లంత బరువు. తాత కంటే ఒకరోజు ముందే పాట్టి చేతికొచ్చింది కాబట్టి, ఇంట్లో దాని హోదా తాత కంటే ఒక మెట్టు ఎక్కువ.

దాన్ని కడగడానికి పాట్టి తప్ప ఇంకో మనిషి పుట్టలేదు. సబ్బు తగలకూడదు. బయట చింతపండు, లోపల వేన్నీళ్ళు. లోపలంతా కళాయి కాబట్టి పులుపు చుక్క కూడా తగలకూడదు. తగిలితే కళాయి పోతుంది, చిలుము పడుతుంది. కడిగాక పైగిన్నె ఎత్తి సూర్యుడికెదురుగా పట్టుకుంటుంది. అడుగున చిల్లు చిల్లులోంచీ వెలుగు కనపడాలి. కనపడకపోతే ముందు సూర్యుణ్ణి అనుమానిస్తుంది. ఆ తర్వాత పెరటి గట్టు మీద బోర్లించి మూడు గంటలదాకా ఎండబెడుతుంది. కాఫీగింజలు కూడా బజార్లో వేయించినవి కొనదు. నాలుగురోజులకోసారి, ఇల్లంతా మధ్యాహ్నం నిద్రలో ఉన్నప్పుడు, పెరట్లో ఇనప మూకుట్లో తనే వేయిస్తుంది.

తాత మాట మీద నాకు నమ్మకం కుదర్లేదు. నా లెక్క వేరు. కాఫీ పాడైన సంగతి పాట్టికి తెలుసు, కావాలనే అలా ఇస్తోంది, ఎవరు ముందు నోరు తెరుస్తారో చూస్తోంది. నేనైతే అదే చేసేదాన్ని. మనవరాలిని కదా. అందుకని పాట్టికి పరీక్ష పెట్టాలనుకున్నాను.

డబ్బా నిండా చింతగింజలు మూకుట్లో మాడ్చి, మిక్సీలో పొడికొట్టాను. రంగు అచ్చం కాఫీపొడే. వాసన మాత్రం వానలో తడిసిన చెప్పుల కొట్టు. దాన్ని పాట్టి కాఫీ డబ్బాలో పోసి, అసలు పొడి దాచేసి, మూడుగంటల వేళకి వంటింటి తలుపు వెనక నిలబడ్డాను. పాట్టి మూత తియ్యాలి, వాసన చూడాలి, "ఒసేయ్ చూడామణీ!" అని నా పేరు వీధి చివరిదాకా వినపడేలా కేకెయ్యాలి. నేను పడీ పడీ నవ్వాలి. అంతా సిద్ధం.

పాట్టి మూత తీసింది. డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. ఆగింది. ఇంకోసారి పీల్చింది. తర్వాత వేలితో పొడిని నలిపి చూసింది. మూడు చెంచాలు పైగిన్నెలో వేసి, గొడుగులాంటి బిళ్ళతో అదిమి, మరిగే నీళ్ళు పోసి మూతపెట్టింది. వంగి ఫిల్టరు పొట్టకి చెవి ఆనించింది. కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి.

నాకు నవ్వు రాలేదు. లోపల దాచుకున్నదంతా ఎక్కడికో పోయింది.

"పాట్టీ," అన్నాను బయటికొచ్చి. "అది కాఫీ కాదు."

పాట్టి చెవి తియ్యలేదు. "మరేంటి?"

"చింతగింజలు."

అప్పుడు లేచి నిలబడింది. నన్ను కొట్టలేదు. అది చూసే నాకు భయమేసింది.

"మా పాట్టి కాచేదట, యుద్ధం రోజుల్లో," అంది. "చింతగింజల కాఫీ." కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచినవే మళ్ళీ తుడుచుకుంది. "ఎవరికైనా చెప్పావా?"

"లేదు. ఎప్పట్నుంచి పాట్టీ?"

"మాసి నెల్లో, చలి వెళ్ళేటప్పుడు, జ్వరమొచ్చింది చూడు, అప్పట్నుంచి. ఏ వాసనా లేదు. మల్లెపూలు లేవు, ఇంగువ లేదు. మీ తాత చెమట కంపు కూడా లేదు, అదొక్కటే సుఖం." నవ్వబోయి ఆగిపోయింది. "గింజలు వాసన చూసి దించేదాన్నే. ఇప్పుడు రంగు చూసి దించుతున్నా. కళ్ళజోడు ఆవిరికి మసకబారుతుంది. మాడుతున్నాయేమో. మాడుతున్నాయా?"

నేను జన్మలో ఎన్ని అబద్ధాలు చెప్పానో లెక్కలేదు. ఆ ఒక్కటి మాత్రం నోట్లోంచి రాలేదు.

"చెబితే ఏమవుతుంది పాట్టీ?"

"ముక్కు పనిచెయ్యని మనిషిని గ్యాస్ పొయ్యి దగ్గరికి రానిస్తారా? లీకైతే తెలీదంటారు. నిజమే కదా, తెలీదు. హాల్లో కూర్చోబెడతారు. మన్నార్గుడిలో మా అక్కని అలాగే కూర్చోబెట్టారు, చేతులు వణుకుతున్నాయని. ఆర్నెల్లకి రేడియో అయిపోయింది అది. ఎవరైనా వచ్చి తిప్పితేనే మాట్లాడేది." ఫిల్టరు మీద చెయ్యి వేసింది. "చెవులు బాగానే ఉన్నాయి నాకు. చుక్కకీ చుక్కకీ మధ్య 'గోవిందా' అనుకునేంత సందుండాలి. చుక్క, గోవిందా, చుక్క. అలా ఉంటే డికాక్షన్ దిగినట్టే. ఇదొక్కటన్నా తెలుస్తోందిగా. నువ్వు చెప్పకు."

"చెప్పను."

ఆ చింతగింజల పిప్పి కరివేపాకు చెట్టు మొదట్లో పోశాం. ఆ రాత్రి చెట్టు మొదటిసారి నిద్రపోయింది.

నేను మాట తప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. కానీ సాయం చెయ్యకుండా ఊరుకోగలనా? చుక్క కాస్త లావుగా పడితే శబ్దం పాట్టికి ఇంకా బాగా వినపడుతుంది కదా అని, గురువారం మధ్యాహ్నం గట్టు మీది ఫిల్టరు తీసి, నా జామెట్రీ పెట్టెలోని కంపాస్ ముల్లుతో నడిమి చిల్లుని ఇంచుక పెద్దది చేశాను. ఎవరూ చూడలేదు. పని శుభ్రంగా అయింది.

శుక్రవారం పాట్టి ఫిల్టరుకి చెవి ఆనించి, కనుబొమలు ముడేసింది. శనివారం ఇంకో చెవి ఆనించింది. ఆదివారం వంటింట్లో ఫ్యాను ఆపించి, కాకుల్ని తోలించి, నన్ను ఊపిరి కూడా మెల్లగా పీల్చమంది. నా ఒక్క చిల్లు ఇంత పనిచేస్తుందా అని నాకే గర్వంగా, భయంగా ఉంది.

సోమవారం పొద్దున అయిదుగురం హాల్లో కూర్చుని ఎదురుచూస్తున్నాం. మామూలుగా నీళ్ళు పోశాక పావుగంట పైనే నిశ్శబ్దం. ఆరోజు నీళ్ళు పోసిన మరుక్షణం లోపల్నుంచి 'బుడుంగ్' మని శబ్దమొచ్చింది. 'గో' అనేలోపల, ఆడినెల్లో కావేరికి గేట్లెత్తినట్టు, నీళ్ళూ, పొడీ, పైగిన్నె అడుగున అతికిన చిల్లుల బిళ్ళా అన్నీ కలిసి కింది గిన్నెలో పడ్డాయి.

పాట్టి రెండు గిన్నెలూ పట్టుకుని హాల్లోకొచ్చింది. వాటిని అమ్మ ముందు నేల మీద పెట్టింది.

"నా పని అయిపోయింది వసూ. ఈ నాలుగు రోజులుగా చుక్క కూడా వినపడట్లేదు సరిగ్గా. రేపట్నుంచి నువ్వే పెట్టు." వెళ్ళి ఊయల బల్ల మీద కూర్చుంది. ఊగలేదు.

పాట్టి ఊయల మీద ఊగకుండా కూర్చోవడం నేనదే చూడటం. నిజంగానే మన్నార్గుడి రేడియోలా ఉంది. ఇక ఆగలేకపోయాను.

"పాట్టీ, అది నేనే! కంపాస్‌తో నడిమి చిల్లు పెద్దది చేశాను. చుక్క బాగా వినపడాలని."

"ఒక్క చిల్లే కదా," అన్నాడు తాత వెంటనే, పైకప్పు వంక చూస్తూ. "ఒక్క చిల్లుకి బిళ్ళ ఊడదు."

అందరం తాత వైపు తిరిగాం.

"శనివారం... గోనెసూదితో... మిగతావన్నీ నేను కొంచెం విప్పాను. రైల్వేలో ముప్పైనాలుగేళ్ళు సిగ్నళ్ళు బాగుచేసిన చెయ్యి ఇది!"

"సూదితో లోపలి కళాయి ఇలా పోదు నాన్నా," అన్నాడు మా నాన్న గిన్నెలోకి చూస్తూ, తాతని కాపాడుతున్నట్టు. ఆ తర్వాత తను చెప్పాల్సింది గుర్తొచ్చింది. "శుక్రవారం నేను నిమ్మ ఉప్పు నీళ్ళలో నానబెట్టాను. బాత్రూం బకెట్‌లో."

"బాత్రూం బకెట్‌లోనా!" అంది పాట్టి. మూడురోజుల్లో ఆమె గొంతులో వచ్చిన మొదటి ప్రాణం అది.

ఇక మిగిలింది చిత్తప్పా. ఏ కారణం చేతనో అప్పుడూ హెల్మెట్ ఒళ్ళోనే ఉంది.

"చిల్లుల్లో పేరుకున్న నూనె పోవాలంటే మంట మీద కాల్చాలి. అది సైన్సు. నిన్న రాత్రి ల్యాబ్ బర్నర్ తెచ్చి..."

"ఎంతసేపు రా?"

"ఎర్రగా అయ్యేదాకా అమ్మా. అతుకు కరిగిందనుకోలేదు."

పాట్టి మమ్మల్ని ఒక్కొక్కర్నే చూసింది. తిడుతుందనుకుని తాత అప్పటికే లేచి చొక్కా వెతుక్కుంటున్నాడు. కానీ పాట్టి మొహంలో కోపం లేదు. ఏదో పోయిందనుకున్న వస్తువు కొంగుముడిలోనే దొరికినట్టుంది.

"అయితే నా చెవి పోలేదా?" అంది.

"చెవేంటి?" అన్నాడు తాత. "చెవికేమైంది?"

పాట్టి నావైపు చూసింది. నేను నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాను, చెప్పలేదని తెలియడానికి.

"చెవికేం కాలేదు," అంది పాట్టి మెల్లగా. "పోయింది ముక్కు. వాసన రావట్లేదు నాకు. మాసి నెల జ్వరం నుంచి. గింజలు మాడ్చింది నేనే. ఫిల్టరు ఏ పాపమూ ఎరగదు."

చిత్తప్పా ఒళ్ళో హెల్మెట్ తిప్పుతున్నాడు. నాన్న నోరు తెరిచి, "మరి గ్యాస్..." అన్నాడు. పాట్టి తలొంచుకుంది. ఆమె భయపడింది సరిగ్గా ఆ ఒక్క మాటకే.

"గ్యాస్‌కేం?" అంది అమ్మ. నేల మీది బిళ్ళ తీసి, దానికంటుకున్న పొడి కొంగుతో తుడుస్తోంది. "మూడు నెలలుగా అత్తయ్య వంటింట్లోంచి బయటికొచ్చిన ప్రతిసారీ నేను వెళ్ళి సిలిండరు మర చూస్తూనే ఉన్నాను. ఎప్పుడూ కట్టేసే ఉంటుంది. ఒక్కరోజు కూడా మర్చిపోలేదు ఆవిడ."

పాట్టి తలెత్తింది. "నీకెప్పట్నుంచి తెలుసే?"

"జ్వరం తగ్గిన వారానికి. పప్పు మాడిపోతుంటే దాని పక్కనే నిలబడి నాకు రోజాచెట్టు గురించి చెబుతున్నారు."

"మరి చెప్పలేదేం?"

"మీరు చెప్పలేదుగా."

"కాఫీ అలా తగలడుతోందనైనా..."

"ఇరవై రెండేళ్ళుగా ఆ మూకుడు నన్ను ముట్టుకోనివ్వలేదు మీరు," అంది అమ్మ. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఇప్పుడు నేను అడిగితే లాక్కున్నట్టుంటుంది. అందుకని హోటల్‌కి పోయాను."

"హోటల్‌కా!" అంది పాట్టి.

ఆ తర్వాత పదినిమిషాలు జరిగింది ఇక్కడ రాయను. తాత చొక్కా దొరక్కుండానే నడకకి వెళ్ళిపోయాడని మాత్రం చెబుతాను. పాట్టి ఊయల ఎంత జోరుగా ఊగిందంటే, ఎదురింటివాళ్ళు గాలివాన అనుకుని ఆరేసిన వడియాలు తీసేశారు.

మర్నాడు పొద్దున పాట్టి, అమ్మ, నేను బస్సెక్కి నాచ్చియార్‌కోయిల్ వెళ్ళాం. ఫిల్టరు పాత పట్టుచీర ముక్కలో చుట్టి పాట్టి ఒళ్ళో పెట్టుకుంది. కండక్టరు చంటిపిల్లకి టిక్కెట్టు అక్కర్లేదన్నాడు.

కలియపెరుమాళ్ ఆచారి దీపపు సెమ్మెలు పోతపోసే మనిషి. పాత గిన్నెల పని ముట్టుకోడు. కానీ గుడ్డ విప్పి చూసి చేతిలో పని పక్కన పెట్టేశాడు. కళాయి పోయి, మచ్చలు తేలి, అతుకు కరిగి, చిల్లులు బెజ్జాలైపోయిన మా ఫిల్టర్ని అటూ ఇటూ తిప్పాడు.

"శత్రువులున్నారామ్మా మీకు?"

"లేరు," అంది పాట్టి. "కుటుంబం ఉంది."

ఆచారి అర్థమైనట్టు తలూపాడు. ఆయనక్కూడా ఉన్నట్టుంది.

కొత్త ఇత్తడి రేకు గుండ్రంగా కోశాడు. చిల్లులెన్నని అడిగితే పాట్టి "నూట నలభై ఆరు" అని ఆలోచించకుండా చెప్పింది. సన్నటి ఉలి పెట్టి ఒక్కో దెబ్బకి ఒక్కోటి వేశాడు. బిళ్ళ అతికాడు. గిన్నె కాల్చి, నవసాగరం పొడి చల్లి, తెల్లగా పొగ లేస్తుంటే తగరం కరిగించి దూదితో లోపలంతా రుద్దాడు. నాకూ అమ్మకీ దగ్గొచ్చింది. పాట్టి మాత్రం ఆ పొగలో హాయిగా కూర్చుంది. ముక్కు లేకపోవడంలో ఉన్న రెండో సుఖం.

"నీళ్ళు పోసి చూడండమ్మా," అన్నాడు ఆచారి.

పాట్టి సంచిలోంచి కాఫీపొడి తీసింది, ఆయన పొయ్యి మీదే నీళ్ళు కాచమంది. పొడి వేసి, అదిమి, నీళ్ళు పోసి, వంగి చెవి ఆనించింది. ఆ వీధిలో అన్ని కొట్లలోనూ సుత్తులు మోగుతున్నాయి. ఆచారి బయటికెళ్ళి ఏదో అరిచాడు. ఒకటొకటిగా సుత్తులాగాయి.

"ఇంకా 'గోవి' దగ్గరే పడిపోతోంది," అంది పాట్టి.

ఆచారి ఏమిటని అడగలేదు. గిన్నె బోర్లించి, మెల్లిగా సుత్తితో తట్టి చిల్లుల్ని బిగించాడు. మళ్ళీ పొడి, మళ్ళీ నీళ్ళు.

"ఇప్పుడు 'గోవిందరాజా' దాకా పోతోంది. మరీ బిగిసింది."

"ఈ వయసులో ఇంత చెవేంటమ్మా మీకు!" అన్నాడు ఆచారి, విసుగో మెచ్చుకోలో తెలీకుండా. ఉలి తీసి అంచు చిల్లుల్ని ఇంచుక విప్పాడు.

మూడోసారి పాట్టి చాలాసేపు వంగే ఉంది. పెదాలు కదులుతున్నాయి, ఆగుతున్నాయి, కదులుతున్నాయి. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. అది పట్టుకోవడం కాదు, నలిపెయ్యడం.

"ఆ," అంది పాట్టి.

ఆ డికాక్షన్ ఆచారే తాగాడు, పాలు కూడా లేకుండా. తాగి, మర్యాదస్తుడు కాబట్టి, "గింజలు కొంచెం ఎక్కువ వేగినట్టున్నాయి" అని మాత్రం అన్నాడు.

ఫిల్టరు బాగైనా గింజల సంగతి అలాగే ఉంది. ఆ గురువారం మధ్యాహ్నం పెరట్లో పాట్టి మూకుడు పొయ్యి మీద పెట్టి, పక్కన ఇంకో పీట వేసింది. ఎవరికని చెప్పలేదు. అమ్మ వచ్చి కూర్చుంది.

"నేను తిప్పుతా. వాసన రాగానే నువ్వు చెప్పు," అంది పాట్టి.

"ఏ వాసన?"

పాట్టి అట్లకాడ ఆపి ఆలోచించింది. యాభై ఏళ్ళుగా చేస్తున్న పనిని నోటితో చెప్పాల్సి రావడం అదే మొదలు. "ముందు తడిసిన గోనెసంచి వాసనొస్తుంది. ఊరుకో. తర్వాత వేరుశనక్కాయలు వేగినట్టుంటుంది. అప్పుడూ ఊరుకో. దాని తర్వాత..." చేత్తో గాల్లో ఏదో పట్టుకోబోయి వదిలేసింది. "ఎలా చెప్పనే? నువ్వు పెళ్ళయి ఈ ఇంట్లో కాలుపెట్టిన రోజు గుమ్మంలో వచ్చింది చూడు, ఆ వాసన."

"అది నాకు తెలుసు," అంది అమ్మ.

గింజలు చిటపటలాడుతున్నాయి. అమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది. పాట్టి మూకుడు వంక కాకుండా అమ్మ మొహం వంకే చూస్తూ తిప్పుతోంది.

"ఇప్పుడు," అంది అమ్మ.

పాట్టి మూకుడు దించేసింది.

మర్నాడు పొద్దున ఎవరూ నడకకి వెళ్ళలేదు, ఆడిట్ లేదు, కరివేపాకు పెరట్లోనే దొరికింది. తాత మొదటి గుక్క తాగి కళ్ళు తుడుచుకున్నాడు. వేడికి నాలుక కాలిందని చెప్పాడు, మేం నమ్మాం. హోటలాయన మాత్రం వారం తర్వాత మా వీధిలోకొచ్చి, "మీ ఇంట్లో అందరూ క్షేమమేనా?" అని అడిగి వెళ్ళాడు.

తంజావూరు డాక్టరు పాట్టి ముక్కులోకి లైటు వేసి చూసి, మందు లేదన్నాడు. రోజూ రెండుపూటలా నాలుగైదు ఘాటు వస్తువులు వాసన చూస్తూ ఉండాలి, వస్తే వస్తుంది, తొందరపెట్టకండి అన్నాడు. ఆ పని నాకు అప్పజెప్పారు. రిజల్ట్స్‌లో నాకొచ్చిన మార్కులకి ఇంతకంటే పెద్ద ఉద్యోగం దొరకదని నాన్న అన్నాడు.

ఒకేలాంటి అయిదు స్టీలు డబ్బాలు. లవంగం, కర్పూరం, ఇంగువ, యాలకులు, కాఫీ. పాట్టి కళ్ళు మూసుకోవాలి, నేను డబ్బా ముక్కు కింద పెట్టాలి, ఆవిడ చెప్పాలి. మొదటి వారంలోనే అన్నీ కరెక్టుగా చెప్పేసింది. ఇల్లంతా సంబరం. నాకు మాత్రం అనుమానమొచ్చింది, దొంగని దొంగే పట్టాలి కదా. ఒకరోజు ఖాళీ డబ్బా పెట్టాను. పాట్టి గుండెలనిండా పీల్చి, "ఆహా, యాలకులు" అంది.

నేను వరస మార్చట్లేదని గమనించి లెక్కపెట్టుకుంటోంది.

"కరెక్ట్ పాట్టీ," అన్నాను. మర్నాటి నుంచి వరస మార్చాను. అప్పట్నుంచి పాట్టి ఎక్కువగా తప్పులే చెప్పింది. తప్పు చెప్పినప్పుడల్లా "పోనీలే, రేపు" అనేది. ఎవరో వచ్చి తిప్పేదాకా ఆగే రేడియోలా కాకుండా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది. చేతులు మాత్రం ఖాళీగా లేవు. పొద్దున ఫిల్టరు ఎండకెదురుగా పట్టుకునేది పాట్టే. చుక్కలు వినేది పాట్టే. గింజలు దించమనేది అమ్మ.

ఆడినెల పద్దెనిమిదో నాడు జరిపే కావేరి పండగ, ఆడి పద్దెనిమిది వచ్చింది. కావేరికి నీళ్ళొచ్చాయని ఊరు ఊరంతా చిత్రాన్నాలు కట్టుకుని ఒడ్డుకి పోతోంది. అమ్మ వంటింట్లో నిమ్మకాయ పులిహోర కలుపుతోంది, తాత చొక్కా వెతుక్కుంటున్నాడు. బయల్దేరే ముందు డబ్బాల పని కానిచ్చెయ్యమంది పాట్టి. ఊయల మీద కూర్చుని కళ్ళు మూసుకుంది.

లవంగం పెడితే కర్పూరమంది. ఇంగువ పెడితే తెలీదంది. నాకు ఏం బుద్ధి పుట్టిందో, మూడోసారి ఖాళీ డబ్బా పెట్టాను. కాఫీపొడి అయిపోతే పొద్దునే కడిగి ఆరబెట్టమని పాట్టి నాకిచ్చిన డబ్బా అది.

పాట్టి పీల్చింది. ఊయల ఆగింది. ఇంకోసారి పీల్చింది, ఈసారి మెల్లగా, గుమ్మంలో ఎవరో పిలిచినట్టనిపించి ఆగి వినే మనిషిలా. కళ్ళు తెరవలేదు.

"ఇది ఒట్టి డబ్బా," అంది.

నేను డబ్బా అక్కణ్ణించి తియ్యలేదు.

"నిన్నటిదాకా కాఫీపొడి ఉన్నది. కడగమంటే నీళ్ళు చూపించి తెచ్చావు కదే, దొంగ మొహమా! పో, మళ్ళీ కడుగు."

ఆ డబ్బా నేనింతవరకూ కడగలేదు.